కాజా గారి రౌండ్

మేరుశిఖర సాఫ్ట్‌వేర్ వాళ్లు ఉద్యోగాలు ఇవ్వరని మాదాపూర్‌లో ఒక పుకారు ఉంది. అది శుద్ధ అబద్ధం. ఉద్యోగాలు ఇవ్వాలనే వాళ్ల తాపత్రయమంతా. పొద్దున్న గేటు తీసింది మొదలు సాయంత్రం దీపాలు ఆర్పేదాకా ఆ అద్దాల మేడలో ఇంటర్వ్యూలు తప్ప ఇంకో పని జరగదు. తీసుకోవడానికి తగిన మనిషి దొరకడం లేదు, అంతే. దానికి వాళ్లు మాత్రం ఏం చేస్తారు పాపం?

గన్నిశెట్టి ఇందుమతి ఆ గేటు దగ్గర ఆటో దిగిన రోజున ఇదంతా ఆమెకు తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే. వైశాఖంలో పెళ్లి ముహూర్తాలు మొదలయ్యేలోపు ఉద్యోగం దొరక్కపోతే నిడదవోలు వెళ్లి నాన్న టెంట్ హౌస్ కౌంటర్లో కూర్చోవాలి. పాత కంపెనీ ఖర్చులు తగ్గించుకుంటున్నామని చెప్పి ఆమెను ఇంటికి పంపించాక తండ్రి పెట్టిన గడువు అది.

కామరాజు గారు చెడ్డ మనిషేం కాదు. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిస్తాడు. కూతురు ఒక్కతే. "పెళ్లిళ్లు ఎప్పుడన్నా ఆగినియ్యా? మీ కంపెనీలే ఆగుతున్నాయి. వచ్చి కూర్చోవే" అన్నాడు. ఇందుమతికి ఆ కౌంటరంటే చచ్చే భయం. చిన్నప్పటి సెలవులన్నీ అక్కడే గడిచాయి. "గుండిగకు సొట్టెవడు పెట్టాడ్రా", "ఆ కుర్చీ కాలేదీ" అన్న కేకల మధ్య తన బతుకంతా తెల్లారిపోతుందనుకుంటే ఆమెకు నిజంగానే ఏడుపొచ్చేది.

ఆ టెంట్ హౌస్ గుర్తుగా హైదరాబాదు దాకా వచ్చింది ఒక్క సంచీయే. చిరిగిన షామియానా గుడ్డతో అమ్మ కుట్టింది. ఎర్ర చార, పసుపు చార, మళ్లీ ఎర్ర చార. ఎన్నిసార్లు ఉతికినా పెళ్లిభోజనాల వాసన దాన్ని వదల్లేదు. గారెలు, గుత్తివంకాయ, కోడి వేపుడు, అన్నీ అందులో ఉన్నట్టే ఉంటాయి. మెట్రోలో ఆమె పక్కన నిలబడ్డవాళ్లకు ఉన్నట్టుండి ఆకలేసేది. లాప్‌టాప్ పట్టే సంచీ వేరేది లేక, ఆ చారలు ఎవరికీ కనబడకుండా దాన్ని చంకలో నొక్కిపెట్టుకుని తిరిగేది.

రిసెప్షన్‌లో మృణాళిని గారు చేతులు జోడించి ఎదురొచ్చారు. "పీపుల్ ఎక్సలెన్స్ లీడ్" అని చొక్కా మీద బిళ్ల.

"మేరుశిఖర కుటుంబానికి స్వాగతం. అంటే, కుటుంబపు గుమ్మానికి స్వాగతం. మీ అభ్యర్థిత్వ ప్రయాణం ఈ క్షణమే ఆరంభమైంది. మా మూలసూత్రం ఒక్కటే. కొత్తగా చేరేవారు ఇక్కడ ఇప్పటికే ఉన్నవారందరికంటే మెరుగ్గా ఉండాలి. ప్రతి నియామకంతో సంస్థ ప్రమాణం ఒక మెట్టు పైకెక్కాలి."

వినడానికి ఎంత బాగుందో చూడండి. ఇందుమతికి కూడా బాగానే అనిపించింది. ఆ మాటకు తల ఊపుతూ సోఫాలో కూర్చోబోయి, కెవ్వున లేచింది. సోఫాలో ఒక కుక్క పడుకుని ఉంది. అచ్చు కాజా రంగులో ఉన్న ఊరకుక్క. దాని మెడలో ఐడీ కార్డు వేలాడుతోంది.

"జాగ్రత్త! వారు కాజా గారు, మా ముఖ్య ఆనందాధికారి" అని మృణాళిని గొంతు తగ్గించారు. "ఎదురుగా ఉన్న ఫంక్షన్ హాలు వెనక నుంచి స్వచ్ఛందంగా వచ్చి, సంస్థ పెట్టిన రోజు నుంచీ సేవలందిస్తున్నారు. ఈ మధ్య సంస్థలన్నీ ఒకరిని పెట్టుకుంటున్నాయి కదా."

కాజా గారు ఒక కన్ను తెరిచి, మళ్లీ మూశారు.

మొదటి రౌండు తీసుకున్నది ఫయాజ్ అనే కరీంనగర్ కుర్రాడు. గాజు గోడ మీద ఒక మాట రాసి, దాన్ని తిరగేసే ప్రోగ్రాం రాయమన్నాడు. ఇందుమతి గడగడా రాసేసింది.

"బాగుంది. ఇప్పుడు కంప్యూటర్ లేదనుకుని రాయండి" అన్నాడు. రాసింది. "ఇప్పుడు మార్కర్ లేకుండా." గాలిలో వేలితో రాసింది. ఫయాజ్ కాసేపు తన కాగితం వంక చూసుకుని, గొంతు సవరించుకుని అన్నాడు.

"ఇప్పుడు ఆలోచించకుండా రాయండి."

అక్కడ ఇందుమతి ఆలోచనలో పడింది. ఫయాజ్ విచారంగా కాగితం మీద ఏదో గుర్తు పెట్టి, "మేమే తెలియజేస్తాం" అన్నాడు.

అయిపోయిందనుకుని ఆమె హాస్టలుకు వెళ్లింది. తెల్లారేసరికి రెండో రౌండుకు పిలుపొచ్చింది. హైదరాబాదు పొద్దున్నే ఎన్ని ఇడ్లీలు తింటుందో లెక్కగట్టాలి. గట్టింది. "ఉపవాసం ఉండేవాళ్లను తీసేశారా?" అని అడిగారు. తీసెయ్యలేదు. ఆ తర్వాత లిఫ్టు రౌండు. నాలుగో అంతస్తు మీట నొక్కి వేలు వెంటనే తీసేసింది కాబట్టి నిబద్ధత చాలదన్నారు. టీ రౌండులో ఊదుకుని తాగింది కాబట్టి తెగింపు లేదన్నారు. బలహీనతల రౌండులో "మీ బలహీనత ఏమిటి?" అంటే "అతిగా కష్టపడతానండీ" అంది, అందరూ నేర్పేదే. "అది బలం. బలహీనత చెప్పండి." "అయితే లేదండీ." "బలహీనత లేకపోవడం ఒక బలహీనతేనని మీకు తెలియకపోవడం మీ బలహీనత" అని ఆ పెద్దమనిషి చాలా తృప్తిగా చెప్పాడు. ప్రతి గది గుమ్మం దగ్గరా ఒకటే మాట, మేమే తెలియజేస్తాం.

సాయంత్రం కామరాజు గారు ఫోన్ చేశాడు.

"ఏమ్మా, అయ్యిందా ఇంటర్వ్యూ?"

"అవుతోంది నాన్నా."

"మొన్ననగా మొదలెట్టారు గదే! పెళ్లిచూపుల్లో కూడా ఇంతసేపు కూర్చోబెట్టర్రా ఎవర్నీ. ఇంతకీ ఏమడిగారేంటి?"

"ఇడ్లీలెన్ని తింటారని."

"టిఫిన్ల కాంట్రాక్టా?" అన్నాడాయన, కొంచెం గౌరవంగా.

ఆ వారంలోనే ఒత్తిడి రౌండు వచ్చింది. ఒక గదిలో కంప్యూటరు ముందు, ఆగకుండా మోగుతున్న ఫోను పక్కన ఇందుమతిని కూర్చోబెట్టారు. మేరుశిఖర వాళ్లది ఇంటికి పాలప్యాకెట్లు పంపించే యాప్. "ఇది కేవలం ఊహాత్మక సమస్య. నిజమనుకుని పరిష్కరించండి" అని మృణాళిని తలుపేసుకుని వెళ్లిపోయారు.

ఫోనెత్తితే కొంపల్లి నుంచి ఒక పెద్దావిడ. "ఓ బిడ్డా, ఊరందరి పాలు తెచ్చి మా వాకిట్లనే పెడుతున్నరు! తలుపు తెరుసుకుంటలేదు. నేను బాల్కనీల నిలవడి మాట్లాడుతున్న. పిల్లులన్ని ఈడ్నే ఉన్నయ్!"

ఇందుమతి ప్రోగ్రామంతా వెతికింది. చిరునామాలో ఇంటి నంబరు రాయని వాళ్లందరి పాలూ ఆవిడ ఇంటికే వెళ్లేట్టు ఎవరో రాసిపెట్టారు. ముందెప్పుడో ఒత్తిడి రౌండుకు వచ్చిన అభ్యర్థి చేసిన నిర్వాకం అయ్యుంటుంది. సరిచేసింది. కాసేపటికి ఆవిడే మళ్లీ చేసి, "ఆగినయ్ బిడ్డా! నీ కడుపు సల్లగుండ" అంది.

"ఊహాత్మక ఆవిడ భలే దీవించిందండీ" అంది ఇందుమతి బయటికొచ్చి.

"మా ఊహలకు కూడా ప్రమాణాలుంటాయి" అన్నారు మృణాళిని, ఆ ప్రోగ్రామును జాగ్రత్తగా దాచుకుంటూ.

అసలు వింత ఆ మర్నాటి నాయకత్వ రౌండులో జరిగింది. ఈసారి ఇందుమతిని బల్లకు ఇవతల, అడిగేవాళ్ల కుర్చీలో కూర్చోబెట్టారు. "ఇతరుల్ని ఎలా అంచనా వేస్తారో చూస్తాం. అభ్యర్థిని పంపుతున్నాం" అన్నారు. తలుపు తోసుకుని, చొక్కా సర్దుకుంటూ లోపలికొచ్చింది ఎవరనుకున్నారు? ఫయాజ్!

"అదేంటి, నన్ను ఇంటర్వ్యూ చేసింది మీరే కదా?"

ఫయాజ్ అటూ ఇటూ చూసి ముందుకు వంగాడు. "అక్కా, నేను గూడ క్యాండిడేట్‌నే. ఆనాడు నాది నాయకత్వం రౌండ్. నిన్ను అడిగిన గదా, అదే నా పరీక్ష. ఆలోచించకుండ రాయమనుడు నా సొంత ఐడియా. దానికి మంచి మార్కులొచ్చినయ్."

"మరి మృణాళిని గారు?"

"ఆమె గూడ. లిఫ్టు రౌండ్‌ల ఆగింది. మెట్ల మీదికెల్లి వచ్చిందంట, మార్కులెయ్యనీకి రాలేదు."

"మరి ఉద్యోగులు?"

ఫయాజ్ గుట్టు విప్పాడు. కొత్తవాళ్లు పాతవాళ్లకంటే మెరుగ్గా ఉండాలన్న సూత్రంతో కొన్నాళ్లు బాగానే గడిచింది. తర్వాత ఎవరో తెలివైనవాళ్లకు ఒక అనుమానం వచ్చింది. కొత్తవాళ్లు మెరుగైతే, పాతవాళ్లు తీసికట్టే కదా? తీసికట్టువాళ్లను ఎందుకు ఉంచుకోవాలి? దాంతో ఏటేటా ఉద్యోగులందరికీ మళ్లీ ఇంటర్వ్యూ పెట్టారు. ఒక్కొక్కరే తప్పి బయటికి పోయారు. పోయినవాళ్లు ఊరుకుంటారా, మళ్లీ దరఖాస్తు పెట్టుకున్నారు. ఇప్పుడు పై అంతస్తు నుంచి కింద క్యాంటీన్ దాకా ఉన్నవాళ్లంతా అభ్యర్థులే.

ఇంతలో ఇడ్లీ డబ్బా పట్టుకుని ఒక నెరిసిన జుట్టాయన తొంగిచూశాడు. "క్షమించాలి, ఉపవాసాల ప్రశ్న మీకూ వచ్చిందా అండీ? నాకు సాయంత్రం ఉంది" అన్నాడు వినయంగా.

"తేజోవర్ధన్ సార్. ఈ కంపెనీ పెట్టింది ఈయననే" అన్నాడు ఫయాజ్.

"పోయినేడు పోయాను" అన్నాడు తేజోవర్ధన్, డబ్బా మూత తిప్పుకుంటూ. "ఈ కంపెనీలో ఎందుకు చేరాలనుకుంటున్నారు అన్నారు. నేనే పెట్టానండీ అన్నాను. అది సమాధానం కాదన్నారు. ఆలోచిస్తే నిజమే అనిపించింది."

ఇందుమతికి తల తిరిగింది. "అయితే ఇక్కడ అసలు ఉద్యోగి అంటూ ఒక్కరూ లేరా?"

ఇద్దరూ గాజు గోడలోంచి కిందికి చూపించారు. సోఫాలో కాజా గారు చెవి గోక్కుంటున్నారు.

"అందరితోటి పాటు ఆయనకు గూడ ఇంటర్వ్యూ పెట్టిన్రు. ఒక్క తప్పు జవాబు గూడ చెప్పలే" అన్నాడు ఫయాజ్.

"ఎదుటివారు చెప్పేది ఓపిగ్గా వినడంలో నూటికి నూరు" అన్నాడు తేజోవర్ధన్. ఆయన గొంతులో అసూయ దాగలేదు.

నియామక పత్రం మీద ఉద్యోగి ఎవరో ఒకరు ఆమోదముద్ర వెయ్యాలి. ఉన్న ఉద్యోగి కాజా గారే. అందుకని ఆఖరి రౌండు ఆయనది. తోక ఊపితే ఉద్యోగం. మొరిగితే మళ్లీ మొదటి రౌండు. ఈ సంగతి తెలిసి అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల ముందు అప్పుడే "కుక్క రౌండ్ క్రాష్ కోర్స్, డెమో ఉచితం" అని బోర్డులు లేచాయి. అక్కడ కళ్లలోకి సూటిగా చూడకుండా కూర్చోవడం, చెయ్యి ముందు వాసన చూపించడం నేర్పుతారు. నేర్చుకున్న ప్రతివాడినీ కాజా గారు మొరిగి పంపించారు. తేజోవర్ధన్ విదేశీ బిస్కెట్లు తీసుకెళ్లాడు. బిస్కెట్లు తిని మరీ మొరిగారు.

"కాజా అని పేరు పెట్టింది నేనే" అన్నాడు పాపం, కళ్లు తుడుచుకుని.

ఆ రాత్రి కామరాజు గారు ఫోన్లో చెప్పాడు. "శుక్రవారం నుంచి ముహూర్తాలమ్మా. ఒకే రోజు ఏడు పెళ్లిళ్లు. కౌంటర్లో మనిషి లేడు. రైలెక్కేసెయ్." ఇందుమతి మాత్రం ఇంకొక్క రౌండే ఉంది నాన్నా అని బతిమాలుకుంది.

మర్నాడు ఆ రౌండు గది బయట ఫయాజ్ కాపలా కాసినట్టు నిలబడ్డాడు. ఇందుమతి అతని చెయ్యి పట్టుకుంది. "నాకు గనక ఉద్యోగం వచ్చిందంటే ముందు తీసుకునేది నిన్నే. ఒట్టు."

"నువ్వు పో అక్కా ముందుగాల. భయపడకు" అన్నాడు ఫయాజ్.

గదిలో పొడవాటి బల్ల. ఆ చివర తోలుకుర్చీలో కాజా గారు. మూలన ఇంకుప్యాడుతో మృణాళిని. ఇందుమతి సంచీ కాళ్ల దగ్గర పెట్టి, రాత్రంతా బట్టీపట్టింది మొదలుపెట్టింది. "గుడ్ మార్నింగ్ సర్. నా పేరు ఇందుమతి. మాది నిడదవోలు..."

కాజా గారి ముక్కు కదిలింది. కుర్చీ దిగారు. బల్ల కింద నుంచి నడిచొచ్చి, షామియానా సంచీలో మూతి మెడదాకా దూర్చారు. ఫంక్షన్ హాలు వెనక పుట్టి పెరిగిన ప్రాణం కదా! లోపల్నుంచి మూలుగు లాంటి చప్పుడొకటి వచ్చింది. ఆ తర్వాత సంచీ మీదే చతికిలబడి, తోకతో నేలను టపటపా కొట్టడం మొదలుపెట్టారు.

మృణాళిని ఇంకుప్యాడుతో ఒక్క ఉరుకున వచ్చారు. "చారిత్రక ఘట్టం" అని గొణుక్కుంటూ కాజా గారి ముందుకాలు ఇంకులో అద్ది, పత్రం మీద ఒత్తారు.

మేడంతా హోరెత్తిపోయింది. క్యాంటీన్ అభ్యర్థులు గరిటెలతో పళ్లాలు వాయించారు. తేజోవర్ధన్ ఆమెకు వంగి దండం పెట్టాడు. ఇందుమతి ఏడుస్తూ ఫోన్ చేసింది.

"నాన్నా, వచ్చింది!"

"ఎవరిచ్చారమ్మా?"

"కాజా గారని నాన్నా, చాలా సీనియర్."

"పెద్దమనిషి. చల్లగా ఉండాలి" అన్నాడు కామరాజు గారు. మాట వరకు సంతోషంగానే అన్నాడు గానీ, వెనక ఎవరో "కౌంటర్లో ఎవరూ లేరేంటండీ" అని అరవడం ఆమెకు వినబడింది.

తొలిరోజు ఇందుమతికి ఒక గది, ఐడీ కార్డు, కొత్త తోలు సంచీ ఇచ్చారు. షామియానా సంచీని బీరువాలో పడేసి తాళం వేసింది. పీడా వదిలిందనుకుంది. పక్క కుర్చీలో కాజా గారు నిద్రపోతున్నారు. కంపెనీ మొత్తానికి ఇద్దరే ఉద్యోగులు. అంటే ఫయాజ్‌ను తీసుకోవడం ఆమె చేతిలో పనే. అతన్నే పిలిపించింది.

ఫయాజ్ కూర్చున్నాడు. అడగాలి కాబట్టి అడిగింది. ఇడ్లీల లెక్క ఉపవాసాలతో సహా చెప్పాడు. మాటను తిరగేసే ప్రోగ్రాం రాశాడు. మార్కరు లేకుండా రాశాడు. ఆలోచించకుండా కూడా రాశాడు. తనకంటే బాగా రాశాడు. ఇందుమతికి ముచ్చటేసింది. ఆ వెంటనే లెక్క వేసుకుంది. ఇతన్ని తీసుకుంటే సంస్థ ప్రమాణం ఒక మెట్టు పైకెక్కుతుంది. ఏడాది తిరిగేసరికి మళ్లీ ఇంటర్వ్యూ. అప్పుడు కింది మెట్టు మీద ఉండేది ఎవరు? కాజా గారు మాత్రం కాదు. కౌంటరు, సొట్ట గుండిగలు, కాలు విరిగిన కుర్చీలు కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి.

"మీ జవాబులు సంతృప్తికరంగానే ఉన్నాయి" అంది. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానమొచ్చింది. "అయితే, ఆలోచించకుండా రాసేటప్పుడు మీ ముఖంలో కొంత ఆలోచన కనబడింది. మేమే తెలియజేస్తాం."

ఫయాజ్ లేవలేదు. "ఒట్టేసినవ్ గదా అక్కా" అన్నాడు మెల్లగా. ఇందుమతి తల వంచుకుని కాగితాలు సర్దుకుంది. సిగ్గుతో చెవులు మండిపోతున్నాయి.

ఆ మాటలకు కాజా గారు నిద్ర లేచారు. ఇందుమతిని వాసన చూశారు. తోలు సంచీని వాసన చూశారు. గారెలు లేవు, గుత్తివంకాయ లేదు, కోడి వేపుడు జాడ కూడా లేదు. ఎవరీ కొత్త మనిషి? కాజా గారు నోరారా మొరిగారు.

తలుపు సందులోంచి మృణాళిని తల కనబడింది. "మేడమ్..." అని ఆగి, "అంటే, అభ్యర్థీ" అని సరిదిద్దుకుని, ఐడీ కార్డు సుతారంగా తీసేసుకున్నారు. "మీతో ప్రయాణం మాకు ఆనందదాయకం. మళ్లీ మొదటి రౌండు ఎప్పుడో మేమే తెలియజేస్తాం."

ఇందుమతి బీరువాలోంచి తన పాత సంచీ తీసుకుని కిందికి వచ్చింది. సోఫాలో ఫయాజ్ ఉన్నాడు. జరిగి చోటిచ్చాడు. ఆమెకు దుఃఖం ఆగలేదు.

"నాదే తప్పు ఫయాజ్. బుద్ధి గడ్డి తింది."

"ఊకో అక్కా. నేనైనా గదే చేస్తుంటి" అన్నాడు ఫయాజ్. "పద, చాయ్ తాగుదాం. ఊదుకోని తాగుదాం."

ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది. సంచీ భుజాన వేసుకుంది, చారలు బయటికే కనబడేట్టు. ఇద్దరూ గేటు దాటుతుంటే వెనక గోళ్ల చప్పుడు. కాజా గారు సంచీ వాసన పట్టుకుని, మెడలో కార్డు ఊగుతుండగా వెంట వస్తున్నారు. మేడలోంచి తేజోవర్ధన్ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. "కాజా గారూ! మీరు వెళ్లిపోతే మమ్మల్ని ఎవరు వద్దంటారండీ!" కాజా గారు వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

టీకొట్టు దగ్గర ఇందుమతి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

"నాన్నా, కౌంటర్లో చోటుందా?"

"నీ కుర్చీ నీకే ఉందే, పిచ్చిదానా! ఎవర్నన్నా కూర్చోనిచ్చానా? రా రా, ఇక్కడ చచ్చిపోతున్నాం."

ఇందుమతి ఫయాజ్‌ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. "ఇంకొకతన్ని తీసుకురానా? మంచోడు. లెక్కలు బాగా చూస్తాడు."

"కుర్చీలు మోస్తాడా?"

"మోస్త అంకుల్" అన్నాడు ఫయాజ్ ఫోను మీదికి వంగి.

"అన్నం తింటావా?"

"తింట అంకుల్."

"అయితే వచ్చెయ్. రేపటి నుంచే పని" అన్నాడు కామరాజు గారు.

ఫయాజ్ నోరు తెరుచుకుని ఇందుమతి వంక చూశాడు. గబగబా చొక్కా సర్దుకుని, నిటారుగా నిలబడి, ఫోనుతో ఎంతో వినయంగా అడిగాడు.

"అంకుల్, మరి సెకండ్ రౌండ్ ఎప్పుడు?"